మూడో నంబరు అంటే ఎంత?

సముద్రతీర, నదీతీర గ్రామాల ప్రజలకు విజ్ఞప్తి

రేవులో మూడో నంబరు ఎగరేశారంటే తుఫాను ఇంకా మీద పడలేదని. భద్రాచలంలో మూడో హెచ్చరిక ఇచ్చారంటే గోదావరికి అంతకుమించిన హెచ్చరిక ఇక లేదని. మాగ్నిట్యూడ్ మూడున్న భూకంపం చాలామందికి తెలియకుండానే పోతుంది. మనం ఏళ్ళుగా చూస్తున్న భూకంప పటంలో మూడో జోన్ అంటే మాత్రం, ఇల్లు కట్టేటప్పుడు ఇనుము దగ్గర కక్కుర్తి పడొద్దని. ఒక్క అంకెకు ఇన్ని అర్థాలు పెట్టి, "అప్రమత్తంగా ఉండండి" అని మైకులో చెప్పి వెళ్ళిపోతే జనం ఏం చేయాలి?

ముందు రేవు సంగతి చూద్దాం. అల్పపీడనం బలపడగానే "మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వార్త వస్తుంది. నిజానికి ఆ గుర్తులు ఓడల వాళ్ళ కోసం పుట్టినవి. ఒకటి, రెండు అంటే గాలివాన దూరంగా సముద్రంలో ఉందని. మూడు, నాలుగు రేవుకు జాగ్రత్త చెప్పేవి. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. ఇందులో అసలు చిక్కు ఇంకొకటుంది. అయిదుకంటే ఆరు పెద్ద తుఫాను కాదు. తుఫాను రేవుకు ఏ పక్కన తీరం దాటుతుందన్నదే ఆ రెంటికీ తేడా. ఎనిమిదికీ తొమ్మిదికీ అంతే. ఇక పదకొండంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని! ఓడ కెప్టెన్‌కు ఇవన్నీ పనికొచ్చే కబుర్లే. పూరిపాకలో ఉన్న మత్స్యకారుడికి వీటితో పనేముంది? ఆయనకు కావలసింది సముద్రం ఎంత ఎత్తున లేస్తుంది, ఎన్ని గంటలకు లేస్తుంది అన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చేసింది గాలికన్నా ఉప్పెనే. వాతావరణ శాఖ బులెటిన్‌లో గాలి వేగం, ఉప్పెన ఎత్తు రెండూ ఉంటాయి. ఊరు చేరేసరికి నంబరొక్కటే మిగులుతోంది. మూడో నంబరుకు నాలుగుసార్లు భయపడి ఏమీ జరగకపోతే, పదో నంబరు వచ్చిన రోజున ఇల్లు వదిలేదెవరు?

భూకంపం విషయంలో గందరగోళం వేరే రకం. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో భూమి కదిలింది, మాగ్నిట్యూడ్ 5.3. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా జనం ఇళ్ళల్లోంచి బయటికొచ్చారు. రోజంతా టీవీల్లో ఆ 5.3 ఒక్కటే తిరిగింది. అది భూమి లోపల విడుదలైన శక్తికి కొలత, భూకంపం మొత్తానికి ఒక్కటే ఉంటుంది. మా ఊళ్ళో ఎంత ఊపింది అన్నది వేరే కొలత, అది ఊరూరికీ మారుతుంది. డప్పు మీద దెబ్బ ఒక్కటే అయినా, పక్కనున్నవాడికి గుండె అదురుతుంది, ఊరి చివర వాడికి చెవిన పడీపడనట్టు ఉంటుంది. ములుగు భూకంపం నలభై కిలోమీటర్ల లోతున పుట్టింది కనుక దూరదూరాలకు తెలిసింది, నష్టం మాత్రం పెద్దగా లేదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చింది 6.2. చూడటానికి తేడా ఒక్క పాయింటు కూడా లేదు. కానీ మాగ్నిట్యూడ్ ఒకటి పెరిగితే శక్తి సుమారు ముప్పై రెండు రెట్లవుతుంది. పైగా అది లోతు తక్కువ, పైన బరువైన రాతి గోడలు. నిద్రలోనే వేలమంది పోయారు. జపాన్‌లో భూకంపం వచ్చిన నిమిషాల్లో ఏ ఊరు ఎంత ఊగిందో సున్నా నుంచి ఏడు దాకా షిండో అంకెల్లో టీవీలో చూపిస్తారు. భూకంపాలను పరిశీలించే ఎన్‌జీఆర్‌ఐ, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్న మనకు ఆ మాత్రం చెప్పడం చేతకాని పని కాదు. చెప్పకపోతే ఆ ఖాళీని వాట్సాప్ నింపుతుంది: "ఈ రాత్రి రెండింటికి ఇంకా పెద్దది వస్తుందట." భూకంపం ఫలానా గంటకు వస్తుందని ముందుగా చెప్పగల శాస్త్రం ఈనాటికీ లేదు.

గోదావరి మాట కూడా చూడండి. భద్రాచలంలో 43, 48, 53 అడుగులు మూడు హెచ్చరికలు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75. నది ఒకటే, ఊరూరికీ కొలబద్ద వేరు. శబరి ఎగపోటు తగిలే కూనవరం వైపు పల్లెల్లో వాళ్ళకు ఈ అడుగులు ఇంటి గడప దగ్గర ఎంతవుతాయో ఎవరూ రాసిపెట్టలేదు. 2022 జూలైలో భద్రాచలంలో నీరు 71 అడుగులు దాటింది. ఆ నీటి గుర్తు చాలా గోడల మీద సున్నం కింద కలిసిపోయింది.

కాబట్టి మేమడుగుతున్నది ఇది. రేవు నంబరు రేవులోనే ఉండనివ్వండి, ఊరికి గాలి వేగం, ఉప్పెన ఎత్తు, మండలం పేరు, గంట చెప్పండి. భూకంపం వస్తే మాగ్నిట్యూడ్‌తో పాటు లోతు, ఊరూరా ఊగిన తీవ్రత చెప్పండి. ప్రతి ముంపు గ్రామంలో బడి గోడ మీద, పంచాయతీ ఆఫీసు మీద చెరగని రంగుతో గీతలు వేయండి: భద్రాచలంలో ఇంతుంటే ఇక్కడ ఇంత అని. వాతావరణ శాఖ రంగుల పద్ధతి ఇందుకు మంచి నమూనా. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే కదలమని. రంగులోనే చేయాల్సిన పని ఉంది.

దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. వచ్చే గ్రామసభలో ఈ కరపత్రం చదివించండి, గీతలు వేయించాలని తీర్మానం రాయించండి, దాని నకలు తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోండి. వరద చూసిన పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళచేత గోడ మీద గీత పెట్టించండి.