తప్పంతా కెప్టెన్‌దేనా?

ఓడ ప్రమాదాల దర్యాప్తులో తరచు తేలేది ‘మానవ తప్పిదం’. అబద్ధమని కాదు, అక్కడితో ఫైలు మూసేయడమే చిక్కు. ఇస్తాంబుల్‌ను రెండుగా చీల్చే బాస్ఫరస్ జలసంధినే తీసుకోండి. పొడవు 31 కిలోమీటర్లు. బాగా ఇరుకైన చోట వెడల్పు 700 మీటర్లే. యెనికోయ్ దగ్గర ఓడ 80 డిగ్రీల దాకా తిరగాలి, అవతల ఏం వస్తోందో కంటికి ఆనదు. నల్లసముద్రం నీరు పైపైన దక్షిణానికి తోసుకొస్తుంటుంది. ఆ వాలున దిగే ఓడ వేగం తగ్గిస్తే చుక్కాని మాట వినదు, పెంచితే మలుపు అందదు. మధ్యలో ఒడ్డు నుంచి ఒడ్డుకు అడ్డంగా తిరిగే ప్రయాణికుల పడవలు. ఏటా 40 వేల దాకా ఓడలు సాగే ఇలాంటి దారిలో మనిషి ఎన్నడూ పొరపడకూడదనడం అత్యాశ.

1979 నవంబరు 15 తెల్లవారుజామున ఈ జలసంధి దక్షిణ ముఖద్వారం దగ్గర రుమేనియా ట్యాంకర్ ‘ఇండిపెండెంటా’, గ్రీకు సరుకు ఓడ ‘ఎవ్రియాలి’ ఢీకొన్నాయి. ట్యాంకర్ నిండా 94 వేల టన్నుల ముడిచమురు. 43 మంది నావికులు చనిపోయారు. మంటలు దాదాపు నెల రోజులు ఆరలేదు. ఆ రోజుల్లో ప్రపంచమంతా ఇరుకు దారుల్లో ఓడలు కుడిపక్కగా పోతుంటే, ఇక్కడ మాత్రం ఎడమపక్కన నడిచేవి! ఆ పద్ధతి 1982లో గాని మారలేదు. 1994 మార్చిలో ‘నాసియా’ ట్యాంకర్ తగలబడ్డాకే వచ్చేదారి, పోయేదారి విడదీశారు. ఒడ్డున రాడార్ల నిఘా మొదలైంది 2003లో. ఆ తర్వాత పెద్ద ఢీలు తగ్గాయంటే కెప్టెన్లకు రాత్రికి రాత్రి తెలివి వచ్చి కాదు, దారి బాగుపడి.

అయితే దారులు విడదీస్తే ఎదురెదురు ఢీలు తగ్గుతాయి గాని, చెడిపోయిన యంత్రం బాగుపడదు. 2018 ఏప్రిల్‌లో 225 మీటర్ల ‘వీటాస్పిరిట్’ ఓడ ఇదే జలసంధిలో అదుపు తప్పి, ఒడ్డునున్న, పెళ్లిళ్లకు, కచేరీలకు పేరున్న పాతకాలపు చెక్క భవనంలోకి దూసుకుపోయింది. ఇలాంటప్పుడు ఆదుకునేది పక్కనుండే టగ్గు, అంటే ఓడను లాగి, తోసి దారిలో పెట్టే చిన్న పడవ. కానీ ఈ జలసంధిలో రాకపోకలను నిర్దేశించే 1936 నాటి మాంట్రో ఒప్పందం ప్రకారం వాణిజ్య ఓడలకు టగ్గుగానీ, ఓడెక్కి దారి చూపే స్థానిక పైలట్‌గానీ తప్పనిసరి కాదు. మన విశాఖ రేవులో పైలట్ లేకుండా పెద్ద ఓడను రానివ్వరు; బాస్ఫరస్‌లో కోటిన్నర జనాభా ఉన్న నగరం నడుమ నుంచి చమురు పోతున్నా అది ఓడ ఇష్టం.

పైలట్లు ఉన్నా 2021లో సూయజ్ కాలువలో ‘ఎవర్ గివెన్’ ఓడ ఇరుక్కుపోలేదా అని అడగొచ్చు. నిజమే. ఆ 400 మీటర్ల ఓడ మీద పైలట్లు ఉన్నారు. పైలట్ ఉంటే ముప్పు తగ్గుతుంది, పోదు. అందుకే టగ్గు కూడా కావాలంటున్నది. ఒప్పందాన్ని కదిలిస్తే నల్లసముద్ర దేశాల రాకపోకల హక్కుకే ఎసరు వస్తుందన్న భయమూ సహేతుకమే. కానీ దాన్ని ముట్టుకోనక్కర్లేదు. పైలట్, టగ్గు తీసుకోని ట్యాంకర్‌కు సరుకు ఇవ్వబోమని చమురు కంపెనీలు, బీమా చేయబోమని బీమా సంస్థలు తమ కాగితాల్లో రాసుకుంటే మాంట్రో అడ్డు రాదు.