వడ్డీ కట్టి తిరగరాస్తే తీరినట్టేనా?

ఇంట్లో అప్పు ముదురుతోందంటే ముందు తెలిసేది ఇల్లాలి చేతులకే. పెళ్లినాటి గాజులు "నెలలో విడిపిస్తాలే" అన్న మాట మీద తాకట్టుకు వెళతాయి. ఏడాది తిరిగేసరికి వడ్డీ మాత్రం కట్టి కాగితం తిరగరాయించుకొస్తారు. "బ్యాంకులో భద్రంగానే ఉన్నాయి కదా" అని సర్దిచెప్పుకునేవాళ్లను చాలామందిని చూశాను. అసలులో రూపాయి తగ్గనప్పుడు అదేం భద్రం?

నన్నడిగితే, అప్పు ఎంతన్నది కాదు, దేనితో తీరుస్తున్నామన్నది చూడాలి. లక్ష చీటీని 75 వేలకే పాడేసి పాత బాకీ కట్టారంటే చెయ్యి దాటుతున్నట్టే. క్రెడిట్ కార్డుకు 'కనీస మొత్తం' కట్టి హమ్మయ్య అనుకోవడమూ అంతే. మిగిలినదానికి చాలా కార్డుల్లో నెలకు నూటికి 3 రూపాయల పైనే వడ్డీ. వీధిలో వడ్డీవ్యాపారి అంత అడిగితే శాపనార్థాలు పెట్టమూ!

ఫోను మోగగానే మనిషి డాబా మీదికి వెళుతున్నాడా? మన అనుమానం ఇంకో ఆడదాని మీదికి పోతుందిగానీ అప్పు మీదికి పోదు. మా కథల్లోనూ అంతే లెండి. 2020 డిసెంబరులో హైదరాబాదులో అప్పుల యాప్‌ల కేసులు బయటపడ్డాయి. ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ కబురుపెట్టి పరువు తీసేవారు. బంధువులందరికీ తెలిశాక భార్యకు తెలియడం ఏం న్యాయం?

"ఆయన చూసుకుంటారులే" అనకండి. ఎవరికెంత, వడ్డీ ఎంత, తాకట్టు రసీదు ఎక్కడుంది, అన్నీ అడగండి. గ్రూపులో మనం తీసుకున్నదీ దాచకుండా చెప్పాలి. సూక్ష్మరుణాలు తీసుకునే కుటుంబాలకు వాయిదాలన్నీ కలిపి నెల రాబడిలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నియమం పెట్టింది. సగం వాయిదాలకే పోతే అద్దె, ఫీజులు, పాలవాడి బాకీ ఎలా సర్దాలో ఇల్లు నడిపేవాళ్లకే తెలుసు. నేనైతే మూడోవంతు దగ్గరే ఆగమంటాను.