బ్యాటింగ్ ఆర్డర్ వెనుక క్యాలెండర్

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ప్రతి మ్యాచ్‌కూ మేనేజర్ తొమ్మిది మంది బ్యాటర్ల పేర్లు వరుసగా రాసి అంపైర్లకు అందిస్తాడు. అదే లైనప్ కార్డు. ఇక్కడ మేనేజర్ అంటే ఆఫీసు మనిషి కాదు, ఆటగాళ్లలాగే యూనిఫాం తొడుక్కుని డగౌట్‌లో ఉండే ప్రధాన శిక్షకుడు. ఆ పేర్లు బయటికి రాగానే అభిమానుల పంచాయితీ మొదలవుతుంది. ఫలానావాణ్ని ముందు దింపాలి కదా అన్నది ఒక ఫిర్యాదు. ఫామ్ పోయిన సీనియర్‌ను ఆడిస్తూ, దిగువ మెట్టయిన మైనర్ లీగ్‌లో దంచికొడుతున్న కుర్రాణ్ని ఎందుకు పిలవడం లేదన్నది రెండోది. మొదటి గొడవలో చప్పుడు ఎక్కువ, సరుకు తక్కువ. రెండోదానికి మాత్రం మేనేజర్ చేతిలో లేని కారణాలు చాలా ఉన్నాయి.

క్రికెట్‌లో ఔటైన బ్యాటర్‌కు ఆ ఇన్నింగ్స్ ముగిసినట్టే. బేస్‌బాల్‌లో తొమ్మిదో బ్యాటర్ తర్వాత మళ్లీ మొదటివాడు వస్తాడు. వరుస ఆట చివరిదాకా తిరుగుతూనే ఉంటుంది. ఒకసారి తప్పించిన ఆటగాడు ఆ మ్యాచ్‌లోకి తిరిగి రాకూడదు. ఈ వరుసలో ఒక్కో మెట్టు కిందికి దిగితే సీజన్ మొత్తంమీద సుమారు 18 అవకాశాలు తగ్గుతాయి. వేగంగా పరిగెత్తేవాణ్ని మొదట, బంతిని తాకించగల నేర్పరిని రెండో స్థానంలో, జట్టులో మేటిని మూడో స్థానంలో, బలంగా బాదేవాణ్ని నాలుగో స్థానంలో దింపడం పాత సంప్రదాయం. టామ్ టాంగో, మిచెల్ లిక్ట్‌మన్, ఆండ్రూ డాల్ఫిన్ కలిసి 2006లో తెచ్చిన ‘ది బుక్’ ఈ లెక్కను తిరగేసింది. మూడో బ్యాటర్ తరచూ ఇద్దరు ఔటై, బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడే బ్యాటింగ్‌కు వస్తాడు కాబట్టి మేటి బ్యాటర్లను ఒకటి, రెండు, నాలుగు స్థానాల్లో పెట్టాలని వాళ్లు తేల్చారు.

ఫిలడెల్ఫియా ఫిలీస్ మేనేజర్ రాబ్ థామ్సన్ 2023లో కైల్ ష్వార్బర్‌ను ఎక్కువ మ్యాచ్‌లలో మొదటి బ్యాటర్‌గా పంపినప్పుడు పాతకాలపు అభిమాని నొసలు ముడివేయడంలో ఆశ్చర్యం లేదు. ఆ ఏడాది అతని బ్యాటింగ్ సగటు, అంటే ప్రయత్నాల్లో హిట్ల వంతు, .197 మాత్రమే, పరుగులో పెద్ద చురుకూ లేదు. అయితే బంతిని మైదానం దాటించే హోమ్‌రన్లు 47 కొట్టాడు, 126 సార్లు వాక్ సంపాదించి ఉచితంగా బేస్ చేరాడు. మొదటి బ్యాటర్ పని ఔటవకుండా బేస్ ఎక్కడమే అయితే సగటు చూసి తిట్టడం దండగ. ఇంతా చేసి, ఉత్తమమైన వరుసకూ మామూలు వరుసకూ సీజన్‌లో వచ్చే తేడా పది, పదిహేను పరుగులు. అంటే మహా అయితే ఒకటి రెండు విజయాలు. ఆ వరుసలో ఎవరున్నారన్నదే అంతకంటే ఎన్నో రెట్లు ముఖ్యం.

ఎవరుండాలన్నది తేలేది జట్టు కూర్పు చూసే జనరల్ మేనేజర్ కార్యాలయంలో. బరిలో దిగగల జట్టులో 26 మందికే చోటు. దానికి వెనక 40 మంది జాబితా ఒకటి ఉంటుంది. ఆ జాబితాలో చేరిన ఆటగాణ్ని సాధారణంగా మూడు సీజన్ల పాటు మైనర్ లీగ్‌కు పంపి వెనక్కి పిలుచుకోవచ్చు. వీటినే ‘ఆప్షన్లు’ అంటారు. అవి అయిపోయిన సీనియర్‌ను కిందికి పంపాలంటే ముందు వేవర్స్‌లో పెట్టాలి, అక్కడ మిగతా జట్లలో ఏదైనా అతణ్ని ఎగరేసుకుపోవచ్చు. అందుకే ఇద్దరిలో బాగా ఆడుతున్న కుర్రాడే ఒక్కోసారి బస్సెక్కాల్సి వస్తుంది. ప్రతిభను బట్టి చూస్తే అన్యాయం, ఆస్తి లెక్కలో చూస్తే జాగ్రత్త.

అసలు చిక్కంతా సర్వీస్ టైమ్ దగ్గర ఉంది. మేజర్ లీగ్ జట్టులో ఆరేళ్ల సర్వీసు నిండితే ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతాడు. నచ్చిన జట్టుతో బేరమాడుకోవచ్చు. అంతవరకూ అతనిపై హక్కు జట్టుదే. చాలామందికి మొదటి మూడేళ్లూ కనీస వేతనంతోనో, దానికి కాస్త పైనో గడుస్తాయి. ఆటగాడు సీజన్‌లో 172 రోజులు జట్టులో ఉంటే పూర్తి ఏడాది సర్వీసు కింద లెక్క. సీజన్ నిడివేమో అంతకంటే పది పదిహేను రోజులు ఎక్కువ. కుర్రాణ్ని మొదట రెండు వారాలు కింద ఆపితే చివర్లో ఏడాది హక్కు కలిసొస్తుంది.

షికాగో కబ్స్ చేసింది ఇదేనని క్రిస్ బ్రయంట్ వాదించాడు. 2015 వసంతకాల సన్నాహక మ్యాచ్‌లలో అతను 9 హోమ్‌రన్లు కొట్టాడు. అయినా ఫీల్డింగ్ మెరుగుపడాలంటూ జట్టు అతణ్ని మైనర్ లీగ్‌కు పంపింది. ఎనిమిది మ్యాచ్‌లు గడిచాక ఏప్రిల్ 17న పిలిపించింది. సీజన్ ముగిసేసరికి అతని ఖాతాలో 171 రోజులు. ఒక్క రోజు తక్కువ! సీజన్ మొదటి పన్నెండు రోజుల్లో ఫీల్డింగ్ ఎంత మెరుగుపడిందో కబ్స్‌కే తెలియాలి. కనీస వేతనం 5,07,500 డాలర్లుగా ఉన్న ఆ ఏడాది బ్రయంట్ ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు గెలిచాడు. మరుసటి ఏడాది లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 108 ఏళ్ల తర్వాత కబ్స్‌కు ప్రపంచ టైటిల్ దక్కిందీ అప్పుడే. అతని ఫిర్యాదును మధ్యవర్తి 2020 జనవరిలో కొట్టేశాడు. దాంతో 2020 చివర్లో రావాల్సిన స్వేచ్ఛ 2021 చివరికి జరిగింది. ఈలోగా 2021 జులైలో కబ్స్ అతణ్ని శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకు ఇచ్చేసింది.

జట్లు ఎప్పుడూ ఒప్పుకోని ఈ సంగతిని సియాటెల్ మారినర్స్ అధ్యక్షుడు కెవిన్ మాథర్ నోరుజారి బయటపెట్టాడు. సియాటెల్ పక్కనే, తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు బాగా తెలిసిన బెల్‌వ్యూలోని రోటరీ క్లబ్‌తో మాట్లాడుతూ, యువ ఆటగాళ్లను ఎందుకు ఆపుతున్నదీ సర్వీస్ టైమ్ లెక్కతో సహా చెప్పేశాడు. ఆ వీడియో 2021 ఫిబ్రవరిలో బయటికొచ్చింది, మాథర్ రాజీనామా చేశాడు. ఆ మాటల్లో ప్రస్తావనకు వచ్చిన జారెడ్ కెలెనిక్ మే నెలలో మేజర్ లీగ్‌కు వచ్చి, ఆ ఏడాది .181 సగటు దగ్గరే ఆగిపోయాడు. జట్టు ఉద్దేశం వంకరదే కావచ్చు, కుర్రాడు సిద్ధంగా లేడన్నదీ అబద్ధం కాదు.

అభిమాని తూకం తప్పేది ఇక్కడే. మైనర్ లీగ్ పైమెట్టయిన ట్రిపుల్-ఎకీ మేజర్ లీగ్‌కీ మధ్య ఉన్న దూరం అంకెల్లో పూర్తిగా కనిపించదు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2022లో మొట్టమొదటగా ఎంపికైన జాక్సన్ హాలిడే కోసం బాల్టిమోర్ జట్టు ఎదురుచూసింది. 2024 ఏప్రిల్ 10న ఇరవయ్యేళ్ల వయసులో బరిలోకి దిగిన అతను పది మ్యాచ్‌లలో 34 ప్రయత్నాలకు రెండే హిట్లు కొట్టి, 18 సార్లు స్ట్రయికౌటై వెనక్కి వెళ్లాడు. జులై 31న మళ్లీ పిలిస్తే ఆ రోజే మూడు బేస్‌లూ నిండిన వేళ హోమ్‌రన్, అంటే గ్రాండ్‌స్లామ్ బాదాడు, అతని తొలి మేజర్ లీగ్ హోమ్‌రన్ అదే. మైక్ ట్రౌట్‌కు 2011లో 40 మ్యాచ్‌లలో దక్కిన సగటు .220. మరుసటి ఏడాది .326తో అతను ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. కిందికి పంపకుండా ఓపిక పట్టిన ఉదాహరణా ఉంది. 1951లో విల్లీ మేస్ మొదటి 26 ప్రయత్నాల్లో ఒక్కటే హిట్ కొట్టినా న్యూయార్క్ జెయింట్స్ మేనేజర్ లియో డురోషర్ అతణ్ని తప్పించలేదు. ఆ ఏటి కొత్త ఆటగాడి అవార్డు మేస్‌దే.

కుర్రాడు పైకి వచ్చాక కూడా అడ్డంకి తీరదు. ఎడమచేతి బ్యాటర్‌కు ఎడమచేతి పిచర్ బంతులు సాధారణంగా ఎక్కువ ఇబ్బంది పెడతాయి. కాబట్టి అలాంటి పిచర్ ఉన్న రోజు మేనేజర్ అతణ్ని బెంచీ మీద కూర్చోబెట్టి కుడిచేతి సీనియర్‌ను దింపుతాడు. ఆ ఒక్క మ్యాచ్‌కు అది సరైన నిర్ణయమే. కానీ ఎదుర్కోనివ్వకపోతే నేర్చుకునేదెప్పుడు? పోటీలో వెనకబడిన జట్టు కూడా ఇదే పద్ధతి పట్టుకుని వేలాడితే, అప్పుడు మాత్రం అభిమాని కోపం నూటికి నూరుపాళ్లూ న్యాయం.

ఆటగాళ్ల సంఘంతో 2022లో కుదిరిన ఒప్పందం క్యాలెండర్ ఎత్తుగడను కొంత ఖరీదైనదిగా మార్చింది. ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన అర్హుడికి, ఆలస్యంగా పిలిచినా, పూర్తి ఏడాది సర్వీసు దక్కుతుంది. బాల్టిమోర్ 2022 మే 21న పిలిచిన యాడ్లీ రుచ్‌మన్ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలవడంతో ఆ జట్టుకు ఏడాది హక్కు కలిసిరాలేదు. మరోవైపు, పేరున్న కుర్రాణ్ని మొదటి నుంచీ ఆడించిన జట్టుకు, అతను ఆ అవార్డు గెలిస్తే, డ్రాఫ్ట్‌లో అదనపు ఎంపిక లభిస్తుంది. హూలియో రోడ్రిగెజ్‌ను 2022 ఆరంభ మ్యాచ్ నుంచే ఆడించి ఆ బహుమతి మొదట అందుకున్నది, మాథర్ వెళ్లిపోయిన మారినర్సే.

అరంగేట్రానికి ముందే దీర్ఘకాల ఒప్పందం చేసుకోవడం మరో దారి. మిల్వాకీ బ్రూవర్స్ 2023 డిసెంబర్‌లో జాక్సన్ చూరియోతో ఎనిమిదేళ్లకు 8.2 కోట్ల డాలర్లకు సంతకం చేయించుకుంది. రోజులు లెక్కపెట్టే అవసరం లేకుండా 2024 మొదటి మ్యాచ్‌లోనే దింపింది. 2018లో ఫిలీస్ ఇదే నమ్మకంతో స్కాట్ కింగరీకి ఆరేళ్లకు 2.4 కోట్లు ఇస్తే అతను నిలదొక్కుకోలేకపోయాడు. 2022 నాటి ఒప్పందానికి 2026 డిసెంబర్ 1తో గడువు తీరుతుంది. సర్వీస్ టైమ్ నిబంధనలు ఆ తర్వాత ఎలా ఉండాలన్నది కొత్త బేరసారాల్లో తేలాల్సిన విషయం.