పొర పలుచన – పరీక్ష నిశితం

శాస్త్రజగత్తులో కొత్త విషయాన్ని కనుగొన్నవారికి దక్కే కీర్తి, దానిని లోకోపయోగంగా తీర్చిదిద్దినవారికి అంతగా దక్కదు. ఇది న్యాయం కాదనడానికి అతివాహకాల చరిత్రే నిదర్శనం.

1911లో హాలండ్‌లోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఆన్స్ పాదరసాన్ని సుమారు 4.2 కెల్విన్‌ల వరకు చల్లబరచగా, దాని విద్యున్నిరోధం మాయమైంది. ఈ గుణమే అతివాహకత. 1986లో జ్యూరిచ్ సమీపాన గల ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో బెడ్నార్జ్, ముల్లర్‌లు అంతకంటె ఎంతో ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద ఈ గుణాన్ని చూపే రాగి ఆక్సైడును కనుగొన్నారు. మరుసటి ఏడే వారిని నోబెల్ బహుమతి వరించింది. 1987లో యిట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్‌లు గల సమ్మేళనం 90 కెల్విన్‌లకు పైననే అతివాహకమని తేలింది. 77 కెల్విన్‌ల వద్ద మరిగే ద్రవ నైట్రోజన్ చల్లదనమే దానికి చాలు.

అయితే ఆ పదార్థం కుండపెంకు వలె పెళుసైనది. దాని రేణువులు తలొక దిక్కుకు తిరిగి ఉంటే, వాటి సరిహద్దుల వద్ద విద్యుత్ప్రవాహం కుంటుపడుతుంది. గణం తప్పిన పద్యానికి నడక చెడినట్లే ఇదీ. రేణువులను ఒకే తీరున నిలిపే ఉపాయమే పలుచని పొర. కొద్దిపాటి ఆక్సిజన్ మాత్రమే ఉన్న పేటికలో లేజర్ కాంతితో పదార్థాన్ని ఆవిరి చేసి, 700 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కిన స్ఫటిక ఫలకంపై పేరుస్తారు. 1987లోనే అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాలలో లేజర్ కాంతితో ఆవిరి చేసే పద్ధతిలో పొరలు రూపొందాయి. చల్లార్చేటప్పుడు ఆక్సిజన్ చాలినంత అందకపోతే శ్రమ అంతా వృథా.

పొర ఏర్పడినంతమాత్రాన పని ముగియదు. ఎక్స్-కిరణాలు పరమాణువుల అమరికను తెలుపుతాయి. నాలుగు విద్యుత్ స్పర్శలతో నిరోధాన్ని కొలుస్తారు. అయస్కాంత క్షేత్రాన్ని పొర తనలోనుండి వెలివేస్తున్నదా అన్నదీ పరిశీలిస్తారు. ఇన్ని పరీక్షలు అవసరమా అనేవారికి 2023 నాటి ఉదంతమే సమాధానం. గది ఉష్ణోగ్రత వద్దనే అతివాహకమని దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఎల్.కె.-99 లోకాన్ని ఊరించింది. అందులో నిరోధం ఒక్కసారిగా తగ్గడానికి రాగి సల్ఫైడు అనే మలినమే కారణమని కొన్ని వారాలలోనే ఇతర ప్రయోగశాలలు తేల్చాయి.

పరీక్షకు నిలిచిన మేలైన పొర 77 కెల్విన్‌ల వద్ద చదరపు సెంటీమీటరుకు 10 లక్షల ఆంపియర్లకు పైగా విద్యుత్తును మోయగలదు. అటువంటి పొరలు గల పట్టీలతోనే 2021లో అమెరికాలో 20 టెస్లాల అయస్కాంతం రూపుదిద్దుకొన్నది.

కనుగొనడం విత్తనమైతే, ఓర్పుతో చేసే పరీక్ష సేద్యం. సేద్యగాని శ్రమను గౌరవించని సమాజానికి పంటపై హక్కు ఎక్కడిది?