కొనిన కుక్కకు వీధి, వీధికుక్కకు చెర

సంపాదకుల వారికి,



వీధికుక్కల బెడదను గూర్చి పత్రికలలో తరచు లేఖలు వచ్చుచున్నవి. కాటు తిన్నవారి బాధ నిజమైనది; దానిని తేలికగా చూడరాదు. కాని కుక్కలు వీధికి ఎట్లు చేరుచున్నవో, అందులో మన ఇండ్ల వంతు ఎంతో ఆలోచించువారు తక్కువ. ఈ విషయమై నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

మా కుటుంబము మూడు తరములుగా చెన్నైలో స్థిరపడినది. మా వీధిలోని తెలుగువారే ఒకరు కుమారుని పుట్టినరోజునకు వేలు పోసి అంగడిలో హస్కీ జాతి కుక్కపిల్లను కొనిరి. అది సైబీరియా మంచు ప్రదేశపు జాతి. రెండు పొరల బొచ్చుతో అగ్నినక్షత్రపు ఎండలలో అది పడిన యాతన చెప్పనలవి కాదు. ఏడాది తిరుగకముందే ఆ పెద్దమనిషికి బెంగుళూరు బదిలీ అయినది. సామానంతయు లారీ ఎక్కినది. కుక్క మాత్రము వాచ్‌మన్ పాలైనది. నెల దాటకముందే అతడును పని మానుకొనెను. పిమ్మట ఆ కుక్క గజ్జిపట్టి, తాళము వేసిన గేటు ఎదుటనే పడియుండెడిది. కడకు ఒక కళాశాల విద్యార్థిని దానిని ఆటోలో ఎక్కించి జంతు సంరక్షణశాలకు చేర్చినది. ఆ కుక్కను కొట్టినవారు ఎవరును లేరు. అయినను అది హింస కాదందుమా?

కారణము లేకుండ, ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును వదలిపెట్టుట నేరమని 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము 11వ సెక్షను చెప్పుచున్నది. కాని మొదటి తప్పునకు అందులో వ్రాసిన హెచ్చు జరిమానా 50 రూపాయలు! అది నేడు ఆటో కిరాయికైనను చాలదు. ఈ జరిమానాను పెంచవలెనని కోరుట న్యాయము.

ఈ చట్టమునకు మన నగరముతో సంబంధము కలదు. కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో తెచ్చిన బిల్లే దీనికి మూలము. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డునకు ఆమెయే తొలి అధ్యక్షురాలు. 1959లో కెప్టెన్ సుందరం స్థాపించిన బ్లూక్రాస్ సంస్థ 1964లోనే కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు మొదలుపెట్టినది. కార్పొరేషనువారు దశాబ్దముల తరబడి కుక్కలను పట్టి చంపినను వాటి సంఖ్య తగ్గలేదు. కడకు 1996లో చంపుట మాని శస్త్రచికిత్స మార్గమునకు వచ్చిరి.

ఇప్పుడు మరియొక చిక్కు వచ్చినది. బడులు, ఆసుపత్రులు, బస్ స్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణలలోని కుక్కలను తొలగించి షెల్టర్లకు చేర్చవలెనని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఉత్తర్వు చేసినది. పిల్లల క్షేమము కొరకు చేసిన దానిని కాదనలేము. కాని పట్టిన కుక్కలన్నిటిని బోనులలో నింపినచో వాటి గతి యేమి? అదే కోర్టు ఆగస్టు 22న, జంతుప్రేమికులు వీధికుక్కలను దత్తత కోరవచ్చుననియు, అవి మరల వీధిన పడకుండ చూచు పూచీ వారిదే యనియు చెప్పినది. ఈ మాటను మనవంటి గృహస్థులు పట్టించుకొనవలెను.

సంరక్షణశాలలో పెరిగిన కుక్క గుణము అక్కడివారికి తెలిసియుండును. పిల్లలున్న ఇంటికి ఏది తగునో, వృద్ధులకు ఏది తగునో వారినే అడిగి తెలిసికొనవచ్చును. నాటుకుక్క మన ఎండకు, వానకు అలవాటుపడినది. అంగడి పిల్లకు ఈ ఎరుక ఉండదు. ఎనిమిది వారములు నిండని పిల్లలను అమ్మరాదని 2017 నాటి నిబంధనలు ఉన్నను, కొనువారిలో వయస్సు విచారించువారెందరు?

నాటుకుక్క అనగానే మనవారు మొగము చిట్లింతురు. రాజపాళయము కుక్క తమిళదేశములో స్థిరపడిన తెలుగు రాజుల ఊరి పేరు మోయుచున్నదని గర్వించెదము. మన గుమ్మము ముందరి కుక్కకు మాత్రము గంజినీళ్లు పోయము. మడి, ఆచారము అడ్డమనువారు కలరు. వారి వంటింటిలోనికి కుక్కను తెమ్మని నేననను. వరండాలో చోటిచ్చిన చాలును. తిక్కనగారు తెనిగించిన పర్వములలో ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గమే వలదన్నాడని పిల్లలకు చెప్పుచుందుము. ఆ కుక్క ఏ జాతిదని అతడు అడుగలేదు గదా!

అయితే డబ్బు పెట్టనక్కరలేదని తొందరపడి తెచ్చుటయు తప్పే. కుక్క పది పన్నెండేండ్లు బ్రతుకును. ఏటేట రేబిస్ టీకా, కార్పొరేషను లైసెన్సు, ఊరికి పోయినప్పుడు చూచువారు – ఇవన్నియు ముందే ఆలోచింపవలెను. దీపావళి టపాకాయలకు బెదరి పారిపోకుండ లోపల కట్టివేయవలెను. అద్దె ఇల్లు మారవలసివచ్చిన, ఇంటి మనిషిని తీసికొనిపోయినట్లే దానిని తీసికొనిపోవలెను. ఇది చేతకాదనుకొన్నవారు తేకుండుటయే పుణ్యము.

చెన్నై, బెంగుళూరు, బరంపురము, షోలాపూరు – ఎక్కడ ఉన్నను తెలుగు సంఘములు ఉగాది వేడుకలు జరుపుచునే ఉన్నవి. ఆనాడు పందిరిలో ఒక మూల స్థానిక సంరక్షణశాలవారికి ఇచ్చి, దత్తత కోరువారి పేర్లు వ్రాసికొననిత్తురేని ఖర్చు లేని ఉపకారమగును. సంఘముల పెద్దలు ఈ సూచనను ఆలోచింతురని నమ్ముచున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై.