గుక్కపట్టే పందెం

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పక్క ఏడాది పొడుగునా పారే నది లేదు. మాకు ఈత నేర్పింది బావులే. వీపుకు సొరబుర్ర కట్టి తోసేవాళ్లు. బోర్లు లోతుకు పోయేకొద్దీ బావులు ఎండాయి, నేర్పే మామలూ లేరు. ఇప్పుడు సెలవులొస్తే పిల్లలు దిగేది ప్లాస్టిక్ పరిచిన కృషి హొండల్లోకి.

అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీలో ఆల్బర్ట్ క్రెయిగ్ అనే ఫిజియాలజీ ప్రొఫెసర్ ఉండేవారు. ఈతంటే ఇష్టం, చదువునూ అటే తిప్పారు. మంచి ఈతగాళ్లు నీళ్ల కింద ఉన్నట్టుండి ఎందుకు తెలివి తప్పుతున్నారో 1961లో రాశారు. ఊపిరి తీసుకోమని ఒళ్లు తొందరపెట్టేది ముఖ్యంగా ప్రాణవాయువు తగ్గినందుకు కాదు, బొగ్గుపులుసు వాయువు పెరిగినందుకు. మునిగే ముందు గబగబా ఊపిరి తీసి వదిలితే ఆ వాయువు ముందే బయటికి పోతుంది. పైకి రావాలనిపించదు, అంతలో స్పృహ పోతుంది. అంటే గుక్కపట్టే పందెంలో గెలిచేవాడికే ముప్పు! మేమూ ఆ పందేలు ఆడినవాళ్లమే.

నీళ్ల దగ్గరికే పోనీయొద్దనే పెద్దలతో మేము ఒప్పుకోము. పిల్లలు పోకుండా ఉంటారా? సన్మానాల శాలువాల డబ్బులో కొంత తీసి, సంఘమే ఈ వేసవిలో ఈత నేర్పించాలి. క్రెయిగ్ చెప్పిన సంగతి మొదటిరోజే చెప్పాలి. హొండకు కంచె, లోపలికి ముడులేసిన తాడు కూడా ఉండాలి. తడిసిన ప్లాస్టిక్ మీద కాలు నిలవదు, ఈత వచ్చినవాడూ గట్టెక్కలేడు. మా హొండకు తాడు కట్టాము. వచ్చే మీటింగులో ఈ మాట ఎత్తుతాము, మీరూ రండి.