సగటు చెప్పని వాన

రాజపాళయం పడమటి కనుమల పాదాన ఉన్న ఊరు. నైరుతి ఋతుపవనాలు తమ నీటిని చాలవరకు కొండకు ఆవల, కేరళ వైపునే దించుకొంటాయి. ఇక్కడి చెరువులకు ముఖ్యాధారం అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య ఋతుపవన వర్షమే. ఆ మూడు నెలల వానను కూడి, సగటుతో పోల్చి, “ఈ ఏడు వాన బాగుంది” అని లెక్క ముగిస్తారు. రైతుకు అది సగం మాటే. పది వానలు వారానికొకటిగా కురిసినా, పది రోజులు వరుసగా కురిసి ఆగినా కూడికలో ఒక్కటే కావచ్చు. చేనులో ఒక్కటి కాదు. మొదటి ఏడు పైరు నిలుస్తుంది. రెండవ ఏడు చెరువు నిండి అలుగు పారుతుంది, ఆ తరువాత పైరు ఎండుతుంది.

ఈ తేడాను అంకెలలో చెప్పగలిగేది ఫ్రాక్టల్ గణితం. 1975లో దీనికి ఆ పేరు పెట్టినవాడు మాండెల్‌బ్రాట్ అనే గణితవేత్త. 1982లో లవ్‌జాయ్ అనే శాస్త్రజ్ఞుడు మబ్బుల అంచులను కొలిచి, చిన్న తునకకూ వేయి కిలోమీటర్ల మబ్బుకూ వంకరల తీరు ఒకటేనని చూపాడు.

కాలాన్ని కూడా ఇలాగే కొలవవచ్చు. 64 రోజులను 32, 16, 8, 4, 2, చివరకు 1 రోజు గళ్లుగా విభజిస్తూ, ప్రతిసారీ వాన పడిన గళ్లను లెక్కించాలి. గడి సగమైనప్పుడల్లా తడి గళ్లు రెట్టింపు అవుతుంటే వాన కాలమంతటా పరచుకొన్నట్లు. రెట్టింపుకు బాగా తగ్గితే చెదురుమదురుగానో గుంపులుగానో పడినట్లు. ఇందుకు ఒక వర్షమాపకం, ఒక నోటుపుస్తకం, ఓపిక చాలు. ఓపికే కష్టం!

ఈ లెక్క రేపటి వానను చెప్పదు. చెబుతుందనేవారిని నమ్మనక్కరలేదు. అయినా వర్షపాతపు పట్టికలో సగటు పక్కన ఈ అంకె కూడా ఉండవలసిందే. ఎన్ని రోజుల ఎండకు ఓర్చే పైరు వేయాలో తేల్చుకోవలసిన రైతుకు దానితోనే పని.